గాలి చూసుకుని బయల్దేరండి

సైకిల్ గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే పేజీ ఇది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా విశాఖ తీరం చుట్టూ తిరిగే దారుల గురించే. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. సింధియా గేటుకి డ్యూటీ సైకిల్ తొక్కిన రోజుల నుంచీ ఈ రోడ్లు తెలుసు కాబట్టి కాస్త చనువుగానే రాస్తున్నాను. పేర్లు వద్దన్నవాళ్లు ఎక్కువమంది ఉండటంతో అందరి పేర్లూ తీసేశాను.

ప్రశ్న: రోజూ ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్తాను. ఒక ఆదివారం భీమిలి దాకా ఒక్కదాన్నే వెళ్లి రావాలని ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడెక్కడ ఆగాలి? (ఓ పాఠకురాలు, మద్దిలపాలెం)

ఆర్కే బీచ్ నుంచి భీమిలికి పాతిక కిలోమీటర్లకు కాస్త పైనే. రోజూ తొక్కే కాళ్లకు ఇదొక దూరం కాదమ్మా. ముందొక మాట. మద్దిలపాలెంలోనే హైవే ఎక్కి హనుమంతవాక, మధురవాడ మీదుగా పోదామనుకోకండి. లారీల రొద తప్ప ఆ దారిలో చూడటానికి ఏమీ లేదు. పెదవాల్తేరు మీదుగా కిందికి దిగి, బీచ్ రోడ్డు పట్టుకోండి.

చీకట్లో వెళ్లొద్దు, తెల్లవారుతుండగా బయల్దేరండి. మే నెలలో ఐదున్నరకే సూర్యుడు పైకొచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర అవుతుంది. ఆ వేళకి బీచ్ రోడ్డంతా నడకకు వచ్చినవాళ్లే ఉంటారు కాబట్టి ఒంటరిగా ఉన్నామనిపించదు. లాసన్స్ బే, అప్పుఘర్ వరకు రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది. జోడుగుళ్లపాలెం దాటాక కైలాసగిరి పాదం వెంట రోడ్డు పైకి లేస్తుంది. ఈ దారిలో మొదటి ఎత్తు ఇదే. గేరు ముందే తగ్గించుకోండి. ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో మారిస్తే చైన్ పడిపోతుంది. ఎక్కాక తెన్నేటి పార్కు దగ్గర ఆగి, కింద రాళ్ల వైపు చూడండి. 2020 అక్టోబరులో వాయుగుండం రాత్రి 'మా' అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు నిలవక అక్కడికే కొట్టుకొచ్చి రాళ్ల మీద ఎక్కేసింది. ఊరంతా సెల్ఫీలకు ఎగబడింది. మా షిప్‌యార్డు పాతకాపులం మాత్రం దాని అడుగు ఎక్కడ చిరిగిందా అని చూసుకున్నాం.

అక్కణ్ణుంచి సాగర్ నగర్ దాకా దిగుడు. ఋషికొండ దగ్గర ఆదివారం ఏడు దాటితే కార్లు మొదలవుతాయి, పార్కింగ్ కోసం చూడకుండా తలుపులు తీస్తారు. కాబట్టి అక్కడ ఆగడం తిరుగుప్రయాణంలో కాదు, వెళ్లేటప్పుడే పెట్టుకోండి. బాత్రూము సంగతి మీరు అడగలేదు గానీ, ఆడవాళ్లు రాసే ఉత్తరాల్లో చాలామంది చివర్న చిన్న అక్షరాల్లో అడిగేది అదే. ఋషికొండ తర్వాత భీమిలి దాకా నమ్మకంగా దొరికేది తక్కువ. ఋషికొండలోనే పని కానిచ్చుకుని, నీళ్ల సీసా నింపుకుని కదలండి.

గీతం యూనివర్సిటీ దాటాక ఎడమ వైపు తొట్లకొండ వస్తుంది. సముద్రమట్టం నుంచి 128 మీటర్ల ఎత్తు. 1976లో నౌకాదళం వాళ్లు విమానంలో సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం అది. పైకి వెళ్లే రోడ్డు బాగా నిటారు. మొదటిసారి కాబట్టి దాన్ని వదిలేయండి, ఇంకో ఆదివారం దాని కోసమే వెళ్లొచ్చు. మంగమారిపేట దగ్గర వేటకి వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరుతుంటాయి.

తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం వెనక్కీ ముందుకీ జరిగిన వేల ఏళ్లలో గాలి పోసిన ఇసుక అది, లోపలి ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. 2014లో దాన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. అందుకని సైకిల్ రోడ్డు పక్కనే తాళం వేసి, నడిచి వెళ్లి చూడండి. చక్రం దించితే ఆ గట్లు రాలిపోతాయి. పైగా ఆ ఇసుకలో సైకిల్ కదలదు, తోసుకుంటూ నడవాల్సిందే.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసేచోటు ఉన్నాయి. మూడూ దగ్గర దగ్గరే. టిఫిన్ అక్కడే చేసేసి ఎనిమిదిన్నరకల్లా వెనక్కి తిరగండి. ఇంట్లోవాళ్లకు ఋషికొండలో ఒకటి, భీమిలిలో ఒకటి ఫోటో పంపితే టెన్షన్ దానంతటదే తగ్గుతుంది.

ప్రశ్న: జులైలో భీమిలి వెళ్లాను. వెళ్లేటప్పుడు గాల్లో తేలినట్టుంది, తిరిగొచ్చేటప్పుడు ప్రాణం పోయింది. నా ఫిట్‌నెస్ తక్కువా, లేక సైకిల్లో లోపమా? (ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ)

రెండూ కాదు. గాలి. బీచ్ రోడ్డు విశాఖ నుంచి భీమిలికి ఈశాన్యంగా పోతుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో గాలి సరిగ్గా అదే దిక్కుకు వీస్తుంది. వెళ్లేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోస్తుంది, తిరిగేటప్పుడు గుండెల మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. వెళ్లేటప్పుడు వచ్చిన స్పీడు చూసుకుని మన బలం అనుకోవడం అందరికీ ఉన్నదే.

నవంబరు నుంచి జనవరి దాకా ఇది తలకిందులవుతుంది. ఈశాన్యపు గాలి వెళ్లేటప్పుడు ఎదురొచ్చి, అలసిపోయి తిరిగేటప్పుడు సాయపడుతుంది. అందుకే కొత్తవాళ్లకు భీమిలి దారి చలికాలంలోనే మంచిదని నేను పట్టుబడతాను. వాతావరణం చల్లగా ఉంటుందన్నది దాని తర్వాతి కారణం. ఇవి కాక రోజువారీ సముద్రపు గాలి ఒకటుంది. నేల వేడెక్కాక, ఇంచుమించు పదింటి నుంచి, సముద్రం వైపు నుంచి మొదలవుతుంది. వేసవిలో సాయంత్రం మేడ మీద పైరగాలి అని మురిసిపోతామే, సైకిల్ మీద ఎదురైతే ఆ మురిపెం ఉండదు.

జులైలోనే వెళ్లాలని ఉంటే ఒక ఉపాయం చెప్తాను. భీమిలి దాకా సైకిల్ ట్రాలీ ఆటోలో వేసుకుని పోవడం కాదు, అటు నుంచి ఇంటికి ట్రాలీ ఆటోలో రావడం. ఇందులో పరువు పోయేదేమీ లేదు. ఆటో వద్దనుకుంటే భీమిలి నుంచి తగరపువలస, ఆనందపురం మీదుగా లోపలి దారిన రండి. అటు కొండలు కొంత గాలిని ఆపుతాయి గానీ హైవే ముక్క ఒకటి భరించాలి.

ప్రశ్న: మా ఇద్దరు పిల్లలు హైస్కూల్లో ఉన్నారు. అందరూ భీమిలి అంటారు గానీ మాకు దక్షిణం వైపు దగ్గర. ఇటు పిల్లలతో వెళ్లదగ్గ దారి ఏదైనా ఉందా? (ఓ తల్లి, గాజువాక)

ఉంది. కాకపోతే దక్షిణం వైపు మంచి దారులన్నీ చెడ్డ దారుల పక్కనే ఉన్నాయి, అదీ చిక్కు. పరవాడ, అచ్యుతాపురం రోడ్ల మీద కంపెనీల బస్సులు, ట్యాంకర్లు షిఫ్టు వేళల్లో వరస కడతాయి. పిల్లలతో ఆ వైపు గాజువాక నుంచి తొక్కుకుంటూ వెళ్లొద్దు.

దగ్గర్లోనే కావాలంటే అప్పికొండ. ఇసుకలో సోమేశ్వరుడి గుడి, పక్కనే సముద్రం. శివరాత్రికీ కార్తీక సోమవారాలకీ జనం కిటకిటలాడతారు, మిగతా రోజుల్లో ప్రశాంతం. అక్కడ నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. యారాడలో కూడా అంతే. ఒడ్డు చూడటానికి సాధువుగా ఉంటుంది, కింద లాగేస్తుంది. యారాడ కొండ రోడ్డు పిల్లలకు అసలే వద్దు. ఎక్కగలరు, దిగేటప్పుడే భయం. ఆ మలుపుల్లో కొత్త బ్రేకులు కూడా అరుస్తాయి.

నా ఓటు మటుకు కొండకర్ల ఆవకి, అంటే అక్కడి పెద్ద మంచినీటి చెరువుకి. అనకాపల్లి దాకా సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకెళ్లి, అక్కణ్ణుంచి పదిహేను కిలోమీటర్ల లోపే తొక్కండి. చెరకు మడులు, కొబ్బరి తోటలు, చెరువు గట్లు. ఆవలో తాటి మొద్దుల్ని జంటగా కట్టిన దోనెల మీద తిప్పుతారు. డిసెంబరు, జనవరిల్లో పిట్టలు ఎక్కువ, కలువలూ బాగుంటాయి. తిరిగొచ్చేటప్పుడు ఓపిక ఉంటే అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ చూపించండి. రాతిలోనే తొలిచిన గుహలు, స్తూపాలు. కనుమ రోజు అక్కడ తీర్థం జరుగుతుంది, ఆ రోజు సైకిళ్లకు చోటుండదు. అనకాపల్లి దాకా వెళ్లి బెల్లం కొనకుండా ఎవరూ రారు గానీ, పిల్లల సైకిల్ బ్యాగులో మాత్రం పెట్టకండి. ఎండకు కరిగి జిప్పుల్లో పట్టిందంటే వదలదు.

ప్రశ్న: ఈ దారులకు ఎంత ఖరీదు సైకిల్ కావాలి? (ఓ విద్యార్థి, శ్రీకాకుళం)

నీ దగ్గర ఉన్నదే తీసుకో బాబూ. భీమిలికి గేర్లు లేని సైకిల్ మీద రోజూ పాల క్యాన్లు వెళ్తున్నాయి. కొత్తది కొనేపనైతే ముందు టైరు చూడు, 32 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పుంటే మన రోడ్లకు సుఖం. సన్నటి రేసు టైర్లు గ్రామాల సిమెంటు రోడ్ల అతుకుల్లో ఇరుక్కుంటాయి. స్పేర్ ట్యూబు, పంపు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ బద్దలు రెండు, వెనక ఎర్ర లైటు. మిగతాదంతా షోకు.

ప్రశ్న: మేం నలుగురం ఫ్రెండ్స్. విశాఖ నుంచి అరకు ఒక్క రోజులో సైకిల్ మీద కొట్టాలని ప్లాన్. ఘాట్ ఎలా ఉంటుంది? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (పాఠకులు, సీతమ్మధార)

కొట్టడం ఎందుకు తమ్ముళ్లూ, వెళ్లండి.

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లు దాటుతుంది. అసలు సంగతేమిటంటే రోడ్డు నేరుగా లోయకు చేరదు. అనంతగిరి దాటి గాలికొండ దగ్గర అంతకంటే పైకి వెళ్లి, అప్పుడు కిందికి దిగుతుంది. 'అరకు ఎత్తు ఇంతే కదా' అని లెక్కేసుకుని బలం దాచుకున్నవాళ్లు అక్కడ బోల్తా పడతారు. పెందుర్తి నుంచి కోట దాకా ఎండలో, ట్రాఫిక్‌లో నలిగిపోయి, మధ్యాహ్నం పూట ఘాట్ మొదలుపెట్టడం ఒక్క రోజు ప్లాన్‌లో ఉన్న పెద్ద లోపం. దారంతా అందంగా ఉండేది ఆ ఘాట్ ముక్కే. దాన్ని తల వంచుకుని హ్యాండిల్ చూస్తూ ఎక్కితే ఏం లాభం?

నేనైతే మీకు గోస్తని దారి చెప్తాను. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల అడుగు నుంచి పారి, తాటిపూడి రిజర్వాయరులో ఆగి, జామి, పద్మనాభం పక్కల నుంచి వచ్చి భీమిలిలో సముద్రంలో పడుతుంది. ఆ తాటిపూడి నీళ్లు మన విశాఖ కుళాయిల్లోకీ వస్తాయి. ఏటిని ముఖద్వారం నుంచి పుట్టినచోటి దాకా ఎదురెక్కితే ఉప్పు గాలి, ఎర్ర ఇసుక, తాటి తోపులు, వరి మడులు, కాఫీ తోటలు అన్నీ ఒకే ప్రయాణంలో తగులుతాయి. విశాఖ అంటే బీచ్ రోడ్డే అనుకునేవాళ్లకి నేను పదేపదే చెప్పేది ఇదే. సముద్రానికి వీపు పెట్టి కొంత దూరం వెళ్లి చూడండి.

మొదటి రోజు బీచ్ రోడ్డున భీమిలి. అక్కడ సముద్రాన్ని వదిలి తగరపువలస వైపు తిరగండి. మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు పక్కగా హైవే దాటి పద్మనాభం. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది ఇక్కడే. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడికి మెట్లున్నాయి, తొక్కిన కాళ్లతో అవి ఎక్కాలా వద్దా అన్నది మీ ఇష్టం. రాత్రికి విజయనగరం చేరితే లాడ్జీలకు కొదవలేదు.

రెండో రోజు కావాలనే తక్కువ పెట్టాను. గంట్యాడ మీదుగా తాటిపూడి. కొండల మధ్య నీళ్లు, జనం తక్కువ. దారిలో ఎక్కడైనా చోడంబలి (రాగి అంబలి) దొరికితే వదలకండి, ఉల్లిపాయ కొరుక్కుంటూ ఒక గ్లాసు తాగితే ఎనర్జీ డ్రింకులు అక్కర్లేదు. సాయంత్రానికి శృంగవరపుకోట వెళ్లి తొందరగా పడుకోండి.

మూడో రోజు తెల్లవారేసరికి ఘాట్ కింద ఉండాలి. బౌడార, కాశీపట్నం, టైడా, అనంతగిరి. తొందరపడకుండా, మాట్లాడుకోగలిగినంత వేగంలో ఎక్కండి. ఎవరికైనా మాట రాకపోతే అందరూ ఆగాలి, నలుగురిలో అదొక్కటే రూలు పెట్టుకోండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు వచ్చాయంటే అనంతగిరి దగ్గరపడినట్టు. కోతుల ముందు బిస్కెట్ పాకెట్ తీయొద్దు. డిసెంబరు, జనవరి శని, ఆదివారాల్లో టూరిస్టు కార్లు మలుపుల్లో కూడా ఓవర్‌టేక్ చేస్తాయి, కాబట్టి మామూలు రోజుల్లో పెట్టుకోండి. పొగమంచు పట్టిందంటే లైట్లు వెలిగించండి. పెద్ద వానల్లో కొండచరియలు పడతాయి, జులై, ఆగస్టుల్లో ఈ ప్లాన్ వద్దు.

గాలికొండ నుంచి దిగేటప్పుడు బ్రేకులు గట్టిగా పట్టుకుని ఉండిపోకండి. రిమ్ బ్రేకులైతే రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది. పట్టి వదులుతూ, పట్టి వదులుతూ దిగాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు.

తిరుగుప్రయాణం కిరండూల్ నుంచి అరకు మీదుగా విశాఖ వచ్చే రైల్లో రండి. ముందు రోజే స్టేషనులో అడిగి సైకిళ్లు లగేజీగా బుక్ చేసుకోండి. మీరు చెమటోడ్చి ఎక్కిన కొండల్ని కిటికీలోంచి సొరంగాల మధ్య మధ్యన చూస్తూ దిగడం బాగుంటుంది.

ప్రశ్న: బీచ్ రోడ్డుకు దగ్గర్లోనే ఇల్లు. కొన్న ఏడాదికే సైకిల్ తుప్పు పట్టేసింది. షాపులో ఇంజనాయిలు పూయమన్నారు. (ఓ పాఠకుడు, సాగర్ నగర్)

పూయకండి. ఇంజనాయిలు ఇసుకను పట్టుకుంటుంది. ఆ రెండూ కలిస్తే చైన్‌ను అరగదీసే పేస్టు తయారైనట్టే. కొబ్బరి నూనె కూడా వద్దు, కొన్నాళ్లకు బంకలా గట్టిపడుతుంది.

మీ శత్రువు నీరు కాదు, ఉప్పు. బీచ్ నుంచి వచ్చిన రోజే మంచినీళ్లు నెమ్మదిగా పోసి కడిగి, పాత బనీనుతో తుడిచి ఆరబెట్టండి. బండ్లు కడిగే ప్రెషరు గొట్టం మాత్రం పెట్టకండి, బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది. ఆరాక చైన్ ఆయిలు లింకుకో చుక్క వేసి, పది నిమిషాలాగి పైపైన ఉన్నది తుడిచేయండి. లోపల ఉన్నదే పనిచేస్తుంది.

ఇంకో సంగతి, ఇది షాపువాళ్లు చెప్పరు. మీది స్టీలు ఫ్రేము, సీటు గొట్టం అల్యూమినియం అయితే, ఉప్పు తేమలో ఆ రెండు లోహాలూ కలిసి కరుచుకుపోతాయి. ఓడ అడుగున స్టీలును కాపాడటానికి జింకు దిమ్మలు బిగించేవాళ్లం, స్టీలుకు బదులు జింకు కరిగిపోయేది. మీ సైకిల్లో అలా కరిగేది అల్యూమినియం గొట్టం. ఆర్నెల్లకోసారి దాన్ని బయటికి లాగి, గ్రీజు రాసి మళ్లీ పెట్టండి. పెడల్ మరలకు కూడా అంతే. ఎడమ పెడల్ మరకు తిప్పుడు రివర్సని గుర్తుంచుకోండి, బలం చూపించి చాలామంది విరగ్గొట్టేది అదే.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు ఊరు. ఆదివారం వస్తే సైకిళ్లవాళ్లు గుంపులుగా వచ్చి, రోడ్డు పక్కన ఆరబెట్టిన చేపల మీద నుంచి తొక్కేసి పోతున్నారు. ఆడవాళ్లు పని చేసుకుంటుంటే అడక్కుండా ఫోటోలు తీస్తున్నారు. వాళ్లకు మీరైనా చెప్పండి. (ఓ మత్స్యకారుడు, భీమిలి మండలం)

చెప్తాను బాబూ. ఈ పేజీ చదివే సైకిల్ గుంపులన్నిటికీ చెప్తున్నాను. మీరు ఆగిన ఆ జాగా వ్యూ పాయింట్ కాదు, వాళ్ల పని చేసుకునే చోటు. పరిచిన చేపలు వాళ్ల ఆ వారం సంపాదన. ఊళ్లోకి రాగానే ఒకరి వెనక ఒకరు వరసగా రండి, రోడ్డు అంచు వదిలేయండి, బెల్లు కొట్టి పిలవడం కాకుండా నోటితో పిలిచి దారి అడగండి. ఫోటో కావాలంటే ముందు అడగాలి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోవాలి. టీ తాగాలనిపిస్తే నగరం దాకా ఆగకుండా ఆ ఊరి కొట్లోనే తాగండి, కప్పులు అక్కడి డబ్బాలోనే వేయండి. తొక్కేసిన చేపలకు డబ్బులివ్వకుండా కదలకండి.